అమ్మానాన్నల గ్రీన్ కార్డు మెడికల్: హైదరాబాద్‌లోనా, అమెరికాలోనా?

అమెరికా పౌరసత్వం ఉన్న పిల్లలు తల్లిదండ్రులను శాశ్వతంగా తీసుకెళ్లడానికి రెండు దార్లున్నాయి. హైదరాబాద్ వంటి చోట ప్యానెల్ డాక్టరు (అమెరికా కాన్సులేట్ గుర్తించిన డాక్టరు) దగ్గర మెడికల్, అంటే వైద్య పరీక్ష చేయించుకుని ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లడం ఒకటి. ఇప్పటికే అమెరికాలో ఉన్నవారు అక్కడే సివిల్ సర్జన్ (ఈ పరీక్షకు అమెరికా ప్రభుత్వం అనుమతించిన డాక్టరు) చేత ఐ-693 అనే మెడికల్ ఫారం నింపించుకుని, ఐ-485 అనే గ్రీన్ కార్డు దరఖాస్తుతో కలిపి పంపడం రెండోది. (ఉండిపోవాలని ముందే అనుకుని విజిటర్ వీసాపై వెళ్తే అబద్ధం చెప్పినట్టే లెక్క. మెడికల్ సులువని ఆ పని చేయకండి.)

అసలు తేడా టీబీ దగ్గరే. ఇక్కడ 15 ఏళ్లు దాటిన వారందరికీ నేరుగా ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ కనిపించినా సరే, మూడు రోజులు వరుసగా తెమడ ఇవ్వాలి. అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ ఫలితానికి 8 వారాలు పడుతుంది. తెమడలో క్రిములు తేలితే మందుల కోర్సు పూర్తయ్యేదాకా వీసా ఉండదు. అమెరికాలో ముందు ఒంట్లో టీబీ క్రిములున్నాయేమో చూసే ఇగ్రా రక్తపరీక్ష చేస్తారు. నెగెటివ్ వచ్చి, టీబీ లక్షణాలేవీ లేకపోతే సాధారణంగా ఎక్స్‌రే అవసరం రాదు. పాజిటివ్ అయితే మాత్రం తప్పదు. మన దేశంలో పెరిగినవారికి పాజిటివ్ రావడం వింతేం కాదు. చిన్నప్పటి బీసీజీ (టీబీ టీకా) దీనికి కారణం కాదు కాబట్టి ఆ వాదన పనిచేయదు. ఎక్స్‌రే బాగుంటే దాగి ఉన్న టీబీ అని రాస్తారు, గ్రీన్ కార్డుకు అడ్డురాదు. తేడాగా ఉంటే స్థానిక ఆరోగ్య శాఖ తేల్చేదాకా సర్జన్ సంతకం పెట్టరు. 2024 డిసెంబరు 2 నుంచి ఐ-693 లేకుండా ఐ-485 పంపితే తిరస్కరించవచ్చు. అంటే హైదరాబాద్‌లో ఆలస్యమైతే ఇంట్లో కూర్చుంటారు, అక్కడ ఆలస్యమైతే ఐ-94 గడువు (అమెరికాలో ఉండేందుకు ఇచ్చిన గడువు) కరిగిపోతుంది.

అందుకే ఊపిరితిత్తుల్లో పాత మచ్చ ఉన్నవారికి ఇక్కడే మేలంటాం. ఇంటర్వ్యూ లేఖ చేతికందగానే మెడికల్‌కు వెళ్లండి. పాత ఎక్స్‌రే ఫిల్ములు, అప్పటి చికిత్స కాగితాలు వెంట ఉండాలి. "ఎప్పుడో తగ్గిపోయిందండీ" అన్న మాటకు డాక్టరు దగ్గర విలువుండదు.

టీకాల్లో పెద్ద తేడా లేదు. వయసుకు తగిన ప్రతి టీకాకూ ఆ రోజుకు ఒక డోసు చాలు, కోర్సంతా అక్కర్లేదు. 1957కు ముందు పుట్టినవారికి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) అవసరం లేదు. టీకాల కార్డు పోయినా, ఒంట్లో రోగనిరోధక శక్తి ఉందని చూపే యాంటీబాడీ పరీక్షతో కొన్ని టీకాలు తప్పించుకోవచ్చు. షుగర్, బీపీ టీబీలా ఆపే జబ్బులు కావు. అయినా మందుల చీటీ దగ్గర ఉంచుకోండి.

గడువు చూస్తే, ఇక్కడి మెడికల్ సాధారణంగా 6 నెలలు, కొన్ని టీబీ కేసుల్లో 3 నెలలే. వీసా గడువూ దాన్నిబట్టే ఉంటుంది కాబట్టి టికెట్ ఆలోపు కొనాలి. అమెరికాలో చేయించిన ఐ-693 దాంతో పంపిన ఐ-485 దరఖాస్తు నడిచినంత కాలం చెల్లుతుంది. దరఖాస్తు వెనక్కి తీసుకున్నా, తిరస్కరించినా మళ్లీ మొదటి నుంచే. డాక్టరు సీలు వేసిన కవరిస్తే దాన్ని మాత్రం విప్పకండి.