‘బ్రూడింగ్ పూర్తయిన’ కోడిపిల్లలంటూ అమ్ముతున్నారు, వీపు మీద ఈకలు చూడకుండా కొనొద్దు

ఈ చలికాలంలో పెరటి కోళ్లు పెడదామనుకునేవాళ్లు ఇది చదివాకే డబ్బులివ్వండి. బ్రూడింగ్ అంటే ఒంటి మీద ఈకలు వచ్చేదాకా పిల్లలను బల్బు వేడిలో పెంచడం. మాది ఆదిలాబాద్ జిల్లా. ఊరూరా తిరిగే ఒక ట్రాలీ బండి దగ్గర వంద పిల్లలు కొన్నాం. “నెల దాటిన పిల్లలన్నా, బ్రూడింగ్ అయిపోయింది, లసోటా, గంబోరో టీకాలు రెండూ వేశాం. ఇక బల్బు అక్కర్లేదు, షెడ్డులో వదిలేయండి” అన్నాడు అమ్మినాయన. రోజు పిల్ల (పొదిగి ఒక్క రోజైన పిల్ల) ధరకు మూడింతలు తీసుకున్నాడు. మేము అంత ధర పెట్టింది ఆ మాటకే.

తెల్లారేసరికి పిల్లలన్నీ షెడ్డు మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్ట పడి ఉన్నాయి. పైనున్నవి ఆగకుండా అరుస్తున్నాయి. అడుగునున్నవి ఊపిరాడక చచ్చిపోయాయి. నలభైకి పైగా పోయాయి. మిగిలినవాటిలో కొన్నిటికి రెట్ట వెనకాల అంటుకుపోయి, మేత ముట్టక, మరో రెండు రోజుల్లో అవీ పోయాయి.

వెటర్నరీ డాక్టరు గారు బతికున్న పిల్లను ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, వీపు మీద వేలితో ఎదురుగా దువ్వి చూపించారు. రెక్కలకు ఈకలు వచ్చాయి, తోక కొంచెం మొలిచింది. వీపు, మెడ, తల మాత్రం ఇంకా నూగే. “ఇవి నెల పిల్లలు ఎట్లా అవుతాయి? రెండు వారాలు ఉంటే ఎక్కువ” అన్నారు. దూరం నుంచి చూస్తే రెక్కల ఈకలే కనిపిస్తాయి, పెద్ద పిల్లలే అనిపిస్తుంది. అమ్మేవాళ్లకు కలిసొచ్చేది ఇదే. పైగా క్రేటులో పిల్లలు ఒత్తుగా ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒకదాని వేడి ఒకదానికి తగులుతుంది. మధ్యాహ్నం ఎండలో చూస్తే హుషారుగానే ఉంటాయి. అసలు సంగతి రాత్రి చలి పడ్డాకే బయటపడుతుంది.

నూగు మీదున్న పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. అందుకే మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 35 సెల్సియస్ ఉంచి, ఆ తర్వాత వారానికి 5 ఫారన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. ఆ లెక్కన రెండో వారం పిల్లకు 90 కావాలి, నాలుగో వారం పిల్లకు 80 చాలు. మా దగ్గర డిసెంబరు రాత్రుల్లో చలి 10 సెల్సియస్ కంటే కిందికి పోతుంది. అలాంటిచోట నిజంగా నెల నిండిన పిల్లలకైనా పరదాలు, రాత్రి ఒక బల్బు ఉండాల్సిందే. ‘బల్బు అక్కర్లేదు’ అనే మాట చలికాలంలో ఎవరు చెప్పినా నమ్మొద్దు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ పిల్లలనే ఆరు వారాలు నర్సరీలో పెంచాక పెరట్లోకి వదలమంటారు.

బ్రూడింగ్‌లోనే కరెంటు ఖర్చు, స్టార్టర్ మేత (చిన్న పిల్లలకు మొదట్లో పెట్టే మేత) ఖర్చు, చావుల నష్టం ఉంటాయి. అదంతా తప్పించుకుని, ధర మాత్రం దానికీ కలిపి తీసుకుంటున్నారు. ఇది చిన్న రైతును నిలువునా ముంచడమే. మాకు అమ్మినాయనకు ఫోన్ చేస్తే, “బండిలో బాగానే ఉన్నాయి కదా, మీరు చూసుకోలేదు” అన్నాడు. టీకాల కార్డు అడిగితే ఫోన్ పెట్టేశాడు. రసీదు లేని బండి బేరం కాబట్టి తర్వాత ఎవరిని పట్టుకోవాలో కూడా తెలియదు.

కొనేముందు క్రేటు అడుగు నుంచి నాలుగైదు పిల్లలను మీరే తీయండి, ఆయన ఎంచి ఇచ్చినవి కాదు. వీపు, భుజాలు, రొమ్ము మీద ఈక కమ్మిందా, నూగే ఉందా చూడండి. నెల పిల్లకు తల మీద, మెడ మీద కాస్త నూగు మిగిలినా వీపు ఈకతో నిండి ఉండాలి. కాళ్లను మీ చెంపకు ఆనించుకోండి, చల్లగా తగిలితే పిల్ల చలి పట్టి ఉంది. ‘బల్బు తీసేసి ఎన్నాళ్లయింది, రాత్రిపూట కూడా తీసేశారా’ అని తప్పకుండా అడగండి. నిజంగా పెంచినవాడు తడుముకోకుండా చెబుతాడు. వీలైతే పెంచిన షెడ్డుకే వెళ్లి చూసి తెచ్చుకోండి. అది కుదరకపోతే రోజు పిల్లలనే హ్యాచరీ బిల్లుతో కొని ఇంట్లో బ్రూడింగ్ చేసుకోవడం ఎంతో నయం. వయసు విషయంలో అయినా మోసం ఉండదు.

ఇప్పటికే ఇలాంటి పిల్లలు తెచ్చేసుకున్నవాళ్లు ఈ రాత్రికే ఏర్పాటు చేయండి. అడుగున్నర ఎత్తు రేకుతో గుండ్రంగా చిక్ గార్డు కట్టండి. మూలలు లేకుంటే గుట్ట పడే ప్రమాదం తగ్గుతుంది. కింద రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పోయండి. పిల్లకు రెండు వాట్ల లెక్కన పాత రకం ఫిలమెంటు బల్బులు వేలాడదీయండి, ఎల్‌ఈడీ బల్బులతో పిల్లలకు సరిపడా వేడి రాదు. థర్మామీటరు గోడకు కాదు, పిల్లల వీపు ఎత్తులో పెట్టండి. దానికన్నా పిల్లలనే చూడండి. బల్బు కింద కుప్ప పడితే చలి, రెక్కలు దించి రొప్పుతూ రేకు వైపు పోతే వేడి ఎక్కువ, ఒక్క పక్కకే చేరితే ఎక్కడో గాలి కొడుతోంది. సమానంగా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. కరెంటు పోతే బొగ్గుల కుంపటి పెట్టేవాళ్లు షెడ్డును పూర్తిగా మూసేయకండి, ఆ పొగకు పిల్లలూ పోతాయి, కాపలా ఉన్న మనిషికీ ప్రాణం మీదికి వస్తుంది. పైన గాలి పోయే సందు వదిలి, చుట్టూ కింద మాత్రం గోనె పట్టాలు కట్టండి.