నోకియా 5800 ఎక్స్‌ప్రెస్‌మ్యూజిక్: ఫోను కంటే దాని రిమోటే నాకు ఎక్కువ ఇష్టం

నోకియా 5800 ఎక్స్‌ప్రెస్‌మ్యూజిక్‌ను నేను 2009లో కొన్నాను. 2013 వరకు నా దగ్గర ఉన్న ఫోను అదొక్కటే. ఆ తరువాత కూడా పాటల కోసమని చాలాకాలం వాడాను. తాకే తెర గురించి, దానితోపాటు ఇచ్చిన 8 జీబీ కార్డు గురించి అప్పట్లో అందరూ చెప్పుకున్నదే కనుక, ఎవరూ అంతగా పట్టించుకోని ఇయర్‌ఫోన్ల రిమోట్ గురించే ఇక్కడ రాస్తున్నాను.

ఫోను పైఅంచున ఉండే 3.5 మి.మీ. జాక్‌లో రిమోట్ తీగను గుచ్చాలి. రిమోట్‌కు మళ్లీ అదే కొలతలో మరో జాక్ ఉంటుంది, ఇయర్‌ఫోన్లను అందులో పెట్టుకోవాలి. పాట ఆపాలన్నా, తరువాతి పాటకు వెళ్లాలన్నా, వచ్చిన ఫోను ఎత్తి మాట్లాడాలన్నా ఆ రిమోట్ చాలు, మైకు కూడా దానిలోనే ఉంది. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్‌కు ఎంఎంటీఎస్ రైలులో రోజూ ఒక చేత్తో పైపట్టీ పట్టుకుని, మరో చేత్తో సంచీ పట్టుకుని నిలబడి వెళ్లే నాకు, జేబులోంచి ఫోను తీయకుండానే వేళ్ల స్పర్శతో పాట మార్చుకోగలగడం ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను. ఈ ఫోను తెరను ఊరికే తాకితే చాలదు, గోటితోనో పుల్లతోనో కాస్త నొక్కాలి. ఆ రద్దీలో అది కుదిరే పని కాదు.

2011లో ఒకరోజు, ఫోను చుట్టూ గట్టిగా చుట్టిపెట్టే నా అలవాటు వల్ల ఇయర్‌ఫోన్ల తీగ లోపల తెగిపోయింది. ఆ సాయంత్రం స్నేహితుడి దగ్గర మైకు ఉన్న ఇయర్‌ఫోన్లు తీసుకుని, రిమోట్‌ను పక్కన పెట్టి, నేరుగా ఫోనులోనే గుచ్చాను. పాటలో వాద్యాలన్నీ వినిపిస్తున్నాయి కానీ పాడేవారి గొంతు లేదు. 1960ల నాటి పాత పాటలైతే దాదాపు ఏమీ వినిపించలేదు. జాక్ పోయిందేమోనని మరునాడు ఒక మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తే, ఫోను విప్పకుండానే బోర్డు మార్చాలని చెప్పి, దాదాపు కొత్త ఫోను ధరలో సగం అడిగారు. నాకు మనసొప్పక ఇంటికి వచ్చి, బీరువాలో పడి ఉన్న మైకు లేని పాత ఇయర్‌ఫోన్లను రిమోట్‌కు తగిలించాను. మొదటి పల్లవిలోనే గొంతు నిండుగా వినిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

కారణం తరువాత తెలిసింది. మైకు ఉన్న ఇయర్‌ఫోన్ల పిన్ను మీద నాలుగు లోహపు భాగాలుంటాయి. వాటిలో మైకు, గ్రౌండ్ (ఎడమ కుడి ధ్వనులు రెండింటికీ ఉమ్మడిగా ఉండే తిరుగు దారి) ఉండే స్థానాలు రెండు పద్ధతుల్లో తారుమారుగా ఉంటాయి; ఈ ఫోనుది ఒక పద్ధతి, స్నేహితుడి ఇయర్‌ఫోన్లది మరొకటి. గ్రౌండ్ సరిగా కలవనప్పుడు ఎడమ కుడి ధ్వనుల మధ్య ఉన్న తేడా మాత్రమే చెవికి చేరుతుంది, రెండింటిలోనూ సమానంగా ఉండే గొంతు రద్దయిపోతుంది. పాత పాటలు రెండు వైపులా ఒకే ధ్వనితో ఉంటాయి కనుక అవి మొత్తంగా మాయమయ్యాయి. ఫోనులో లోపమే లేదు.

కొన్న కొత్తలో ఈ ఫోను ధ్వని గురించి తెలిసినవారందరికీ గొప్పగా చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను కానీ, అందులో సగం గొప్పతనం నేను తరువాత రిమోట్‌కు తగిలించుకున్న మంచి ఇయర్‌ఫోన్లదని ఇప్పుడు అనిపిస్తుంది. ఎడమ అంచున ఉన్న రెండు స్పీకర్లు వంటింట్లో రేడియో వినడానికి చక్కగా పనికొచ్చాయి, సంగీతానికి మాత్రం వాటిని అరుదుగానే వాడాను. ఛార్జింగు రెండు రోజులు నిలుస్తుందని కూడా అప్పట్లో వారికి చెప్పాను; నేను ఇంటర్నెట్ దాదాపు వాడనన్న సంగతి కూడా చెప్పి ఉండాల్సింది.

పాటలను కార్డులోకి ఎక్కించుకుని, నిలబడి ప్రయాణిస్తూ వినే నాలాంటివారికి ఇది బాగా సరిపోయే ఫోను. ఇంట్లో కూర్చుని తెర చూస్తూ వినేవారు నా అంత ఇష్టపడతారని అనుకోను. ఆ రిమోట్‌ను కొత్త ఫోనుకు తగిలించి చూశాను. పద్ధతి వేరు కావడంతో మళ్లీ గొంతు మాయమైంది. అందుకే రిమోట్‌ను పాత ఫోనుతోనే కలిపి ఉంచాను.