గాలివాన తర్వాత ఇంటర్నెట్ పునరుద్ధరణ: హనుమకొండలో ఒక ఫైబర్ సేవపై సమీక్ష

ఇంటర్నెట్ కనెక్షన్ల గురించి రాసేవారిలో చాలామంది స్పీడు ఎంత వస్తోంది, నెలకు ఎంత కట్టాలి అన్న రెండు విషయాల దగ్గరే ఆగిపోతారు. వరంగల్, హనుమకొండ వైపు ఉండేవారికి అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. గాలివానకు లైను పోయినప్పుడు లోపం ఎక్కడుందో కనిపెట్టి, ఎంత త్వరగా బాగుచేస్తారన్నదే అది. ఎండాకాలపు గాలిదుమారాల్లోనూ, 2025 అక్టోబరు చివర్లో వచ్చిన మొంథా తుపాను వేళలోనూ మా ఇంటి ఫైబర్ సేవ ఎలా నడిచిందో చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. మన దగ్గర ఒకే కంపెనీ కనెక్షన్లను ఒక్కో కాలనీలో ఒక్కో లోకల్ ఆపరేటర్ చూసుకుంటాడు కాబట్టి, ఒక చోటి మెప్పుగానీ తిట్టుగానీ మరో చోటికి వర్తించదు.

ఈ రెండు రకాల వానలు చేసే నష్టం ఒకటి కాదు. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేస్తే చెట్ల కొమ్మలు విరిగి, కరెంటు స్తంభాల మీదుగా లాగిన కేబుళ్లపై పడతాయి. తీగ తెగుతుంది, లేదా సాగి లోపల కాంతిని మోసే గాజు పోగు పగులుతుంది. మొంథా మాత్రం అక్టోబరు 28 రాత్రి కాకినాడకు దక్షిణంగా నరసాపురం సమీపంలో తీరం దాటి, బలహీనపడి ఇటువైపు వచ్చి కుండపోతగా కురిసింది. భీమదేవరపల్లిలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, హనుమకొండలో సమ్మయ్యనగర్ లాంటి కాలనీలు నీట మునిగాయి. అప్పుడు కేబుళ్లు తెగడం కన్నా కరెంటు నిలిచిపోవడం, ఆపరేటర్ గదిలోని బ్యాటరీలు దిగిపోవడం, కేబుళ్లను అతికినచోట ఉండే జాయింట్ బాక్సుల్లోకి బురదనీరు చేరడం ఎక్కువగా ఇబ్బంది పెట్టాయి. ఈ సంస్థ మొదటి రకం నష్టాన్ని చక్కగా ఎదుర్కొంది, రెండోదానికి మాత్రం సిద్ధంగా లేదు. జనరేటరు ఒక్కటి ముందుగా తెచ్చి పెట్టుకుని ఉంటే, కేబుల్ చెక్కుచెదరని ఇళ్లకైనా సేవ ఆగేది కాదు.

అన్నిటికన్నా చిరాకు పెట్టింది కాల్ సెంటర్. ఇంట్లోని పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోందంటే బయటి నుంచి కాంతి రావడం లేదని అర్థం. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే తెగిన తీగ అతుక్కోదు. అయినా ఫోనెత్తిన ప్రతివారూ ‘సార్, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి’ అన్న మాటతోనే మొదలుపెట్టారు. నిజానికి వాళ్ల ఆఫీసులోని యంత్రానికి మనకన్నా ఎక్కువే తెలుస్తుంది. మన కాలనీల్లో సాధారణంగా నడిచే జీపాన్ పద్ధతిలో, ఆఫీసు నుంచి వచ్చే ఒక్క ఫైబర్‌లోని కాంతిని దారిలో స్ప్లిటర్లతో చీల్చి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. ఇంట్లో కరెంటు పోతే ఆ పెట్టె పూర్తిగా ఆరిపోయే ముందు ‘నాకు కరెంటు పోయింది’ అన్న సంకేతాన్ని ఆఫీసుకు పంపగలదు. ఆ సంకేతం రాకుండానే ఒక ఇల్లు మాయమైతే ఆ ఇంటికి వేసిన చిన్న వైరులో లోపం ఉందని, ఒకే పోర్టు (ఆఫీసు యంత్రంలో ఒక ఫైబర్‌ను తగిలించే చోటు) మీది ఇళ్లన్నీ ఒక్కసారిగా మాయమైతే పెద్ద కేబుల్ తెగిందని కూర్చున్నచోటే దాదాపుగా తేల్చవచ్చు. ఇంత సమాచారం తెర మీద ఉండగా, దాన్ని ఫోనెత్తే మనిషికి కనిపించేలా ఏర్పాటు చేయకపోవడం నా దృష్టిలో ఈ సేవలోని అతి పెద్ద లోపం.

వీధిలో పనిచేసే బృందం విషయం పూర్తిగా వేరు. మొంథా తర్వాత వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు మా గేటు దగ్గరే, కాంతి బలాన్ని డీబీఎంలలో కొలిచే పవర్ మీటర్ పెట్టి చూశారు; మైనస్ 31 డీబీఎం చూపించింది. ఇంటి పెట్టె సరిగా పనిచేయాలంటే ఈ అంకె మైనస్ 27 కన్నా కిందికి పోకూడదు, పైగా మూడు డీబీ తగ్గిన ప్రతిసారీ కాంతి సగమవుతుంది. ‘మీ ఇంట్ల ఏం లేదు సార్, జాయింట్ కాడనే ఉంది’ అని ఒకతను వెంటనే చెప్పాడు. తర్వాత ఓటీడీఆర్ యంత్రంతో కేబుల్‌లోకి కాంతిని పంపి, అది లోపమున్నచోటు నుంచి తిరిగి వచ్చేందుకు పట్టిన కాలాన్నిబట్టి దూరం లెక్కగట్టారు. కిలోమీటరు దూరం పోయి రావడానికి కాంతికి సుమారు 10 మైక్రోసెకన్లు పడుతుంది. యంత్రం చూపిన దూరం రోడ్డు మీది దూరంతో సరిపోదు, ఎందుకంటే స్తంభాల దగ్గర చుట్టలుగా కట్టి ఉంచిన అదనపు కేబుల్ కూడా అందులో కలుస్తుంది. ఆ చుట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ కుర్రాడికి నోటికి తెలుసు.

జాయింట్ బాక్స్ మూత తీయగానే లోపలి నుంచి ఎర్రటి నీళ్లు కారాయి. ఒకతను గొడుగు పట్టుకోగా, రెండో అతను తీగ పైపొర ఒలిచి, 125 మైక్రాన్ల మందం ఉన్న గాజును స్పిరిట్‌తో తుడిచి, కొసను నిలువుగా కోసి స్ప్లైసింగ్ మెషిన్‌లో పెట్టాడు. తెర మీద రెండు కొసలు ఎదురెదురుగా జరిగి, చిన్న మెరుపుతో అతుక్కున్నాయి. మళ్లీ మీటర్ పెడితే మైనస్ 22 చూపించింది. అతుకు మీద స్లీవ్ తొడిగి వేడి చేసే పనిని కూడా వాళ్లు హడావిడిగా ముగించలేదు. ఆలస్యమైందని చుట్టుపక్కలవాళ్లు కొందరు వాళ్లమీద అరిచారు గానీ, కరెంటు స్తంభం ఎక్కాలంటే ముందు ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ (ఆ లైనులో కరెంటు ఆపి ఇచ్చే అనుమతి), తీసుకోవాలి. అది దొరికేదాకా కింద నిలబడడమే వాళ్లు చేయగలిగింది. ఆ నిబంధన పాటించినందుకు వాళ్లకు మార్కులు కలపాలే తప్ప తీసేయకూడదు.

మరమ్మతు తర్వాతి పనిలో మళ్లీ నిర్లక్ష్యం కనిపించింది. గాలిదుమారానికి తెగినచోట తాత్కాలికంగా లాగిన కేబుల్ ఇప్పటికీ ఒక ఇంటి ప్రహరీకి ప్లాస్టిక్ ట్యాగులతో కట్టే ఉంది, తలెత్తకుండా నడిస్తే మెడకు తగిలే ఎత్తులో. లైను రాకముందే ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ పంపడం మరో దురలవాటు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో ప్రకటించి, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధనల ప్రకారం, వైరు కనెక్షన్‌లో లోపం మూడు రోజులు దాటినా బాగుపడకపోతే వినియోగదారుడికి పరిహారం రావాలి. ఫిర్యాదును ముందే మూసేస్తే ఆ లెక్కే తారుమారవుతుంది. అందుకని లైను నిజంగా వచ్చేవరకు ఫిర్యాదు నంబరును, మెసేజ్‌ల ఫొటోలను దాచుకోవడం మంచిది.

ఇంట్లో రెండో దారి కోసం అదే కంపెనీ సిమ్ పెట్టుకుంటే పెద్దగా ఉపయోగం ఉండకపోవచ్చు, ఎందుకంటే సెల్ టవర్లలో చాలావాటికి కూడా వెనక ఉన్నది ఫైబర్ కేబులే. ఒకే దారిలో పోయే కేబుల్ తెగితే రెండూ కలిసి పడుకుంటాయి. టవర్ బ్యాటరీలు కూడా కొన్ని గంటలే ఆగుతాయి, ఆ తర్వాత డీజిల్ చేరితేనే నడుస్తుంది. పెద్ద విపత్తుల్లో టెలికాం శాఖ ఆదేశిస్తే ఒక కంపెనీ సిమ్ మరో కంపెనీ టవర్‌ను వాడుకునే వీలుంటుంది గానీ, మామూలు గాలివానకు ఆ సౌకర్యం ఆశించలేం.

ములుగు, ఏటూరునాగారం వైపు ఉన్నవారు ఈ సమీక్ష చూసి నిర్ణయం తీసుకోవద్దని నా మనవి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వేలాది చెట్లు ఒక్కసారిగా కూలిన చోట కేబుల్ లాగి నిలబెట్టడం, కాలనీలో జాయింట్ వేయడం ఒకటి కాదు. హనుమకొండ లోపల ఉండేవారికి మాత్రం, లైన్‌మెన్ పనికి అయిదులో నాలుగున్నర, ఆఫీసుకు ఒకటిన్నర ఇచ్చి, కనెక్షన్ తీసుకోవచ్చనే చెబుతాను. ఏడాది ప్యాకేజీ కడితే తగ్గింపు ఇస్తామన్నారు. ప్రహరీకి కట్టిన కేబుల్‌ను స్తంభం మీదికి ఎక్కించేదాకా నెలనెలా కడతానని ఆపరేటర్‌తో చెప్పాను, అతను ఒప్పుకున్నాడు.