క్యూఈఎంయూతో రెండేళ్లు: నాకు సీరియల్ కన్సోల్ ఉంటే చాలు

క్యూఈఎంయూ అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను (వీఎం) నడిపే సాఫ్ట్‌వేర్, నేను అందులో లినక్స్ కెర్నల్ మాడ్యూల్స్ (నడుస్తున్న కెర్నల్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) రాసి చూసుకుంటాను. ఇన్‌స్టాల్ ఎలా చేయాలి, ఎంత ర్యామ్ ఇవ్వాలి లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది సీరియల్ కన్సోల్ గురించి, అంటే కెర్నల్ మెసేజీలను సీరియల్ పోర్టులోంచి అక్షరాలుగా బయటికి పంపే దారి గురించి.

మొదటి ఏడాది దాని జోలికే వెళ్లలేదు. విండోలో ఉబుంటు తెరిచి, అందులోనే మాడ్యూల్ కంపైల్ చేసి, ఇన్స్‌మాడ్ (మాడ్యూల్‌ను ఎక్కించే కమాండ్) కొట్టి, డీమెసేజ్‌తో కెర్నల్ లాగ్ చూసుకునేవాణ్ణి, హాయిగానే ఉండేది. ఒకరోజు చిన్న టైమర్ మాడ్యూల్ రాశాను. ఐదు సెకన్లకోసారి లాగ్‌లో ఒక లైను వేసి, మళ్లీ టైమర్ పెట్టుకుంటుంది, అంతే. బాగానే నడిచింది. మాడ్యూల్‌ను తీసేసే ఆర్ఎంమాడ్ కొడితే ఏ ఎర్రరూ లేదు, ప్రాంప్ట్ కూడా వచ్చేసింది. రెండు మూడు సెకన్లు గడిచాయో లేదో మౌస్‌తో సహా అంతా బిగుసుకుపోయింది. రీబూట్ చేసి చూస్తే లాగ్‌లో ఒక్క ముక్క లేదు. మూడు రాత్రులు ఇదే టెన్షన్, ప్రతిసారీ మాడ్యూల్ ఎక్కేటప్పుడు నడిచే ఇనిట్ ఫంక్షన్‌లోనే తప్పు వెతికాను.

చివరికి కెర్నల్ కమాండ్ లైన్‌లో కన్సోల్‌గా టీటీవైఎస్0 (మొదటి సీరియల్ పోర్టు) పెట్టి, ఆ సీరియల్ పోర్టును హోస్ట్‌లోని, అంటే నా అసలు ల్యాప్‌టాప్‌లోని ఒక ఫైలుకు మళ్లించాను. ఈసారి గెస్ట్ (వీఎంలోని ఉబుంటు) పడిపోయినా ఫైలు మిగిలింది. కాల్ ట్రేస్‌లో (పడిపోయేముందు నడుస్తున్న ఫంక్షన్ల వరుసలో) టైమర్ ఫంక్షన్‌ను పిలిచే 'కాల్_టైమర్_ఎఫ్ఎన్', మాడ్యూల్స్ వరుస చివర 'లాస్ట్ అన్‌లోడెడ్' అని నా మాడ్యూల్ పేరు, కింద 'ఫేటల్ ఎక్సెప్షన్ ఇన్ ఇంటరప్ట్'. అప్పుడు గానీ బుర్రకెక్కలేదు: మాడ్యూల్ పోయింది, టైమర్ పోలేదు, గడువు రాగానే కెర్నల్ వెళ్లి అక్కడ లేని కోడ్‌లోకి దూకింది. ఇంటరప్ట్‌లో జరిగింది కాబట్టి నేరుగా ప్యానిక్, అంటే కెర్నల్ మొత్తం ఆగిపోవడం, డిస్కు మీద లాగ్ రాసే అవకాశమే లేదు. మాడ్యూల్‌ను తీసేటప్పుడు నడిచే ఎగ్జిట్ ఫంక్షన్‌లో, టైమర్‌ను రద్దు చేసే 'డెల్_టైమర్_సింక్' అని ఒక్క లైను (కొత్త కెర్నల్స్‌లో 'టైమర్_డిలీట్_సింక్') చేర్చగానే కుదురుకుంది.

అలాగని అన్నిటికీ ఇదే మందు అనను. ప్రింట్‌కేలు (లాగ్‌లో లైను వేసే కాల్స్) ఎక్కువైతే ప్రతి అక్షరం సీరియల్‌లోంచి పోయేదాకా కెర్నల్ ఆగి ఆగి నడుస్తుంది. రెండు థ్రెడ్ల మధ్య రేస్ (ఏది ముందు నడిచిందన్న దాన్ని బట్టి బయటపడే తప్పు) ఉన్న నా ఇంకో మాడ్యూల్, సీరియల్ ఉన్నంతసేపూ బుద్ధిగా నడిచి, తీసేయగానే పడిపోయింది. డీబగ్గర్ అయిన జీడీబీని క్యూఈఎంయూ 1234 పోర్టుకు తగిలించడం కూడా సులువే కానీ, బూట్‌లో 'నోకేఏఎస్ఎల్ఆర్' (ప్రతి బూట్‌కూ కెర్నల్ అడ్రసులు మారకుండా ఆపేది) ఇవ్వడం మరిచిపోతే పెట్టిన బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగదు, నాకు ఒక మధ్యాహ్నమంతా అలాగే పోయింది.

పైగా నేను రాసేవన్నీ క్యారెక్టర్ డివైస్ లాంటి చిన్న మాడ్యూల్స్, అదీ 8 జీబీ ల్యాప్‌టాప్ మీద. నిజమైన కార్డుకు డ్రైవర్ రాసేవాళ్లకు ఆ కార్డుతో వచ్చే చిక్కులన్నీ ఇందులో కనబడవు, వాళ్లు బోర్డు దగ్గర కూర్చోవాల్సిందే. నా మట్టుకు నేను కొత్త వీఎం పెట్టిన ప్రతిసారీ ముందు ఆ సీరియల్ ఫైలు ఏర్పాటు చేసి, పక్క టెర్మినల్‌లో ఆ ఫైలు చివరి లైన్లు చూపే టెయిల్ నడుస్తుండగానే ఇన్స్‌మాడ్ కొడుతున్నా.