ఆల్ వీల్ డ్రైవ్ కారుకు ఒక రోజు శిక్షణ: కొన్ని చలికాలాల తరువాత నా అభిప్రాయం

న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీకి ఉత్తరాన, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఆల్ వీల్ డ్రైవ్ కారు సుబారు ఔట్‌బ్యాక్‌తో కొన్ని చలికాలాలు గడిపిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ కారు గుణగణాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక వాటి జోలికి వెళ్లను. జారే రోడ్డు మీద దాన్ని ఎలా నడపాలో నేర్పిన ఒక రోజు శిక్షణ గురించే నేను చెప్పదలచుకున్నది. ఒక కార్ల క్లబ్బు వారు నిర్వహించే కార్ కంట్రోల్ క్లినిక్ అది. ఎవరి కారు వారే తెచ్చుకోవాలి. అందులో నేర్పినవన్నీ నాకు ఒకే స్థాయిలో ఉపయోగపడలేదు. అయితే స్కిడ్ ప్యాడ్ మీద, అంటే కారు కావాలనే జారేలా నీళ్లతో తడిపిన మైదానం మీద, గంటలోపే ముగిసిన ఒక అభ్యాసం మాత్రం, ఈ కారు మీద నేను ఇంతవరకూ పెట్టిన ఖర్చులన్నింటిలోకీ సార్థకమైనదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇలాంటి శిక్షణను వెతికి పట్టుకోవడమే మొదటి కష్టం. డిఫెన్సివ్ డ్రైవింగ్ అని వెతికితే ముందుగా కనిపించేవి బీమా రాయితీ కోసం చేసే కోర్సులు. మా రాష్ట్రంలో మోటారు వాహనాల శాఖ ఆమోదం ఉన్న ఆ కోర్సు 320 నిమిషాలు ఉంటుంది, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనూ పూర్తి చేయవచ్చు. చేసినవారికి లయబిలిటీ (ఇతరులకు జరిగే నష్టం), కొలిజన్ (ఢీకొన్నప్పుడు మన కారుకు జరిగే నష్టం) బీమా ప్రీమియం మీద మూడేళ్లపాటు 10 శాతం తగ్గుతుంది. ట్రాఫిక్ నియమాలు ఉల్లంఘించినందుకు లైసెన్సు మీద పాయింట్లు ఉంటే లెక్కలో నాలుగు వరకూ తగ్గిస్తారు. నేనూ చేశాను, రాయితీ వచ్చింది, ఆ మేరకు ఫిర్యాదు లేదు. ముందు వాహనానికి దూరం పాటించడం, అలసట, మద్యం, ఫోను గురించి అందులో చెప్పేవన్నీ అవసరమైన మాటలే. కానీ కారు జారుతున్నప్పుడు చేతులు ఏం చేయాలో తెర ముందు కూర్చుంటే ఒంటికి పట్టదు.

నాకు నిజంగా కోపం తెప్పించినది మరొకటి. మా ప్రాంతంలో ఒక డీలరు ఆల్ వీల్ డ్రైవ్ శిక్షణ ఉచితమంటూ పిలిస్తే వెళ్లాను. కొత్త మోడల్‌ను మట్టిగుట్ట ఎక్కించి దించి, ఒక వైపు చక్రాలు గాలిలో ఉన్నా కారు ఎలా కదులుతోందో చూపించి, కాఫీ ఇచ్చి పంపేశారు. బ్రేకు మాట ఎత్తలేదు, మలుపు మాట అసలే లేదు. ఆ తరువాత కారు కొంటారా అని అడుగుతూ చాలా రోజులు ఫోన్లు చేశారు. ఈ కారు ఉంటే మంచుకు భయపడనక్కరలేదన్న ధీమాను శిక్షణ పేరుతో జనానికి ఎక్కించడం చాలా తప్పు. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందడం కదిలేటప్పుడు కలిసివచ్చే సంగతి. ఆపేటప్పుడు అది అక్కరకు రాదు, ఎందుకంటే బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. పైగా ముందు చక్రాలతో మాత్రమే నడిచే కారు మంచులో బయల్దేరుతున్నప్పుడే చక్రం గిర్రున తిరిగి రోడ్డు పరిస్థితి చెప్పేస్తుంది. మన కారు ఆ సూచన ఇవ్వకుండానే వేగం అందుకుంటుంది కాబట్టి, రోడ్డు ఎంత జారుడుగా ఉందో మనకు మొదటిసారి తెలిసేది మలుపులోనో, ఎర్రదీపం దగ్గరో.

క్లినిక్‌లో ఆ అభ్యాసం సాగిన తీరు కాస్త వివరంగా చెప్పాలి. విశాలమైన తారు మైదానంలో కోన్లను పెద్ద వృత్తంగా పేర్చి, నీళ్లతో బాగా తడిపారు. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చున్నారు. కారు జారకుండా కాపాడే వీడీసీ వ్యవస్థను మీట నొక్కి ఆపించారు. 2012 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నింటికీ ఇలాంటి వ్యవస్థ తప్పనిసరి కనుక, అది లేకుండా కారు ఎలా ప్రవర్తిస్తుందో చాలామంది డ్రైవర్లు ఎన్నడూ చూసి ఉండరు. వృత్తం చుట్టూ తిరుగుతూ నెమ్మదిగా వేగం పెంచమన్నారు. గంటకు పాతిక మైళ్లు దాటుతుండగా కారు ముక్కు కోన్లను వదిలి బయటికి జరగడం మొదలైంది. అలాంటప్పుడు ఎవరి చేతులైనా చేసేది ఒకటే: స్టీరింగ్‌ను ఇంకా లోపలికి తిప్పడం. ఎంత తిప్పినా కారు అదే దారిన బయటికే పోతోంది, ముందు టైర్లు తడి తారు మీద గరగరమని రాసుకుంటున్నాయి, చేతిలో స్టీరింగ్ మాత్రం బరువు లేనట్టుగా తేలిపోయింది.

"ఇంకా తిప్పకండి. కొంచెం వెనక్కి వదలండి, కాలు మెల్లగా పైకి తీయండి" అన్నారు ఇన్‌స్ట్రక్టర్. కారు బయటికి పోతుంటే స్టీరింగ్‌ను కూడా బయటికే వదలడం మనసుకు రుచించని పని. అయినా ఆయన మాట ప్రకారం రెండు మూడు అంగుళాలు వెనక్కి వదిలాను. గరగర ఆగిపోయింది. తేలిపోయిన స్టీరింగ్‌కు ఒక్కసారిగా బరువు వచ్చింది, కారు ముక్కు తనంత తానుగా లోపలికి తిరిగింది. ఇందులో మాయ లేదు. టైరుకు ఉన్న పట్టుకు ఒక హద్దు ఉంది. హద్దు దాటిన టైరును ఇంకా తిప్పితే అది అడ్డంగా రాసుకుంటుందే తప్ప తిరగదు. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే బరువు ముందుకు వస్తుంది, ముందు టైర్లు రోడ్డును నొక్కుతాయి, స్టీరింగ్ కోణం తగ్గితే అవి మళ్లీ దొర్లడం మొదలుపెడతాయి. పుస్తకంలో రెండు వాక్యాల సంగతి. అదే సంగతి అరచేతులకు తెలిసిన ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

తరువాత దానికి విరుద్ధంగా చేయించారు. కారు బయటికి జారుతున్నప్పుడు యాక్సిలరేటర్ నొక్కమన్నారు. ఆల్ వీల్ డ్రైవ్ కారు అలా నొక్కితే తనను తాను లోపలికి లాక్కుంటుందని మా పరిచయస్తుల్లో గట్టిగా వాదించేవారు ఉన్నారు. మా కారు లాక్కోలేదు, ఇంకా వెడల్పుగా పోయింది. ఈ రకం సుబారుల్లో మామూలు పరిస్థితిలో శక్తి ముందు చక్రాలకు 60, వెనుక చక్రాలకు 40 పాళ్లలో వెళ్తుంది. తిప్పే పని, లాగే పని రెండూ మీద పడిన ముందు టైర్లు ముందుగా చేతులెత్తేస్తాయి. ఆ తరువాత కాలును ఒక్కసారిగా తీయించి, వెనుక భాగం తేలికై పక్కకు జారడం కూడా చూపించారు. అప్పుడు కళ్లు కారు పోతున్న వైపు కాకుండా వెళ్లవలసిన వైపు ఉంటే చేతులు వాటంతట అవే అటు తిప్పుతాయి.

ఆల్బనీ నుంచి ఉత్తరానికి వెళ్లే నార్త్‌వే హైవే మీద 12వ ఎగ్జిట్ దిగితే వచ్చే మాల్టాలో రౌండబౌట్లు వరుసగా ఉంటాయి. గ్లోబల్‌ఫౌండ్రీస్ చిప్పుల కర్మాగారం ఉన్న ఊరు కాబట్టి మనవాళ్లలో కొందరికి అది రోజూ తిరిగే దారి. ఒక జనవరి ఉదయం, ఉప్పు చల్లినా పైన పలుచగా కొత్త మంచు పేరుకుని ఉండగా, అక్కడి రౌండబౌట్‌లో తిరుగుతున్నప్పుడు స్టీరింగ్‌లో ఆ తేలికదనం మళ్లీ తగిలింది. కారు ముక్కు బయటి వైపు రాతి అంచుకేసి జరుగుతోంది. ఆలోచన వచ్చేలోపే చేతులు స్టీరింగ్‌ను కాస్త వదిలాయి, కాలు పైకి లేచింది, కారు అంచుకు అడుగు దూరంలో తిరిగి లోపలికి వచ్చింది. వెనుక వస్తున్న కారులోని వ్యక్తికి ఏమీ జరిగినట్టే తెలిసి ఉండదు. శిక్షణ వల్ల నాకు మిగిలిన అసలైన లాభం ఆ ఉపాయం కంటే ఆ గుర్తింపే అనుకుంటాను: పట్టు పోతున్నదన్న సంగతి స్టీరింగ్ బరువులోనే ముందుగా తెలుస్తోంది కనుక, ఇప్పుడు మలుపులోకి ప్రవేశించే ముందే వేగం తగ్గిస్తున్నాను.

మొదటి చలికాలం ముగిసినప్పుడు, ఈ ఒక్క రోజు శిక్షణ చాలునని స్నేహితులందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాటను కొంత తగ్గించి చెబుతాను. అదే ఏడాది కారుకు చలికాలపు టైర్లు కూడా వేయించాను. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పడిపోతే మామూలు ఆల్ సీజన్ టైర్ల రబ్బరు గట్టిపడుతుంది, చలికాలపు టైర్లది మెత్తగానే ఉంటుంది. కనుక ఆ శీతాకాలం క్షేమంగా గడవడంలో శిక్షణ వాటా ఎంత, టైర్ల వాటా ఎంత అన్నది విడదీసి చెప్పలేను. రెండింటిలో ఒకదానికే డబ్బు ఉందంటే టైర్లకే పెట్టమంటాను. చేతులకు వచ్చిన విద్య వేసవి గడిచేసరికి కొంత మరుగున పడుతుంది కూడా. క్లబ్బు వారి క్లినిక్‌కు మళ్లీ వెళ్లినప్పుడు ఉదయపు తరగతి పాఠం పూర్తిగా పాతదే. స్కిడ్ ప్యాడ్ మీద గడిపిన సమయం కోసమే రుసుము కట్టినట్టయింది. ఇక తడి తారు వేరు, రోడ్డు మీద కంటికి కనిపించకుండా పలుచగా గడ్డకట్టే బ్లాక్ ఐస్ వేరు. మా ఇంటి దగ్గరి ఏటవాలు వీధి గడ్డకట్టిన రోజున ఏ నేర్పూ పనిచేయదు. ఆ రోజు కారు బయటికి తీయను.

మా ఆవిడకు నచ్చినది మరో అభ్యాసం. ఆమె హైదరాబాద్‌లో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లేని పాత మారుతి మీద డ్రైవింగ్ నేర్చుకుంది కనుక, తడి రోడ్డు మీద బ్రేకును నొక్కుతూ వదులుతూ ఉండే అలవాటు పోలేదు. క్లినిక్‌లో పూర్తి బలంతో నొక్కి, అలాగే పట్టి ఉంచి, అదే సమయంలో పక్క వరుసలోకి తిప్పమన్నారు. "కాలి కింద పెడల్ అదురుతుంటే ఏదో విరిగిపోతోందనిపించిందండీ" అని తరువాత చెప్పింది. ఆ అదురు ఏబీఎస్ పనిచేస్తున్నదనడానికి గుర్తని తెలిశాక ఆమె బ్రేకు వదలడం మానేసింది. ఆమె సమీక్ష రాస్తే బహుశా ఈ అభ్యాసం గురించే రాసేది.

ఇతర మార్గాలు కూడా చూశాను. కోన్ల మధ్య నడిపించే ఆటోక్రాస్ పోటీలు చవకే, అయితే బోల్తా పడే ప్రమాదం దృష్ట్యా ఎత్తయిన వాహనాలను చాలా చోట్ల ఒప్పుకోరు. ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో ఎక్కువ భాగం ఎస్‌యూవీలే కాబట్టి మనలో చాలామందికి ఆ తలుపు మూసుకున్నట్టే. 1961 నుంచి 1980 వరకూ ఫార్ములా వన్ పోటీలు జరిగిన వాట్కిన్స్ గ్లెన్ ట్రాక్ మా రాష్ట్రంలోనే ఉంది, అక్కడ సొంత కారుతో, పక్కన ఇన్‌స్ట్రక్టర్‌తో నడిపే అవకాశం క్లబ్బులు కల్పిస్తాయి. దానికి కార్ల పోటీల భద్రతా ప్రమాణాన్ని సూచించే ఎస్ఏ ముద్ర ఉన్న హెల్మెట్ అడుగుతారు, మామూలు కారు బీమా సాధారణంగా ట్రాక్ మీద జరిగే నష్టానికి వర్తించదు కనుక వేరే బీమా తీసుకోవాలి, బ్రేకులు, టైర్లు వేగంగా అరుగుతాయి. పైగా సుబారు నాలుగు టైర్ల చుట్టుకొలతలో తేడా పావు అంగుళం మించకూడదంటుంది. ఒక్క టైరు పాడైనా నాలుగూ మార్చవలసిరావచ్చు. అందుకే అటు వెళ్లలేదు.

సొంత కారును కష్టపెట్టడం ఇష్టం లేనివారికి న్యూ హాంప్‌షైర్‌లోని డాల్టన్‌లో టీమ్ ఓనీల్, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్నోక్వాల్మీలో డర్ట్‌ఫిష్ అనే ర్యాలీ (మట్టి, మంచు దారుల్లో జరిగే కార్ల పోటీ) పాఠశాలలు ఉన్నాయి. రెండు చోట్లా వారి కార్లతోనే నేర్పుతారు. టీమ్ ఓనీల్ చలికాలపు డ్రైవింగ్ కూడా నిజమైన మంచు మీద నేర్పుతుంది. క్లబ్బు రుసుముతో పోలిస్తే ఖర్చు చాలా ఎక్కువ, ప్రయాణం అదనం. పదిహేను నుంచి ఇరవై ఒక్క ఏళ్ల పిల్లలున్నవారు ముందుగా టైర్ రాక్ స్ట్రీట్ సర్వైవల్ అనే యువ డ్రైవర్ల శిక్షణను చూడటం మంచిది. అది కూడా ఒక్క రోజే, సొంత కారుతోనే. మా అమ్మాయి చేసింది. పెద్ద లారీ క్యాబిన్‌లో కూర్చోబెట్టి, అక్కడి నుంచి పక్కనున్న కార్లు ఎలా కనిపించకుండా పోతాయో చూపించడం ఆమెకు బాగా గుర్తుండిపోయింది.

ఇవన్నీ నా పరిస్థితిని బట్టి చెబుతున్న మాటలు: ఏటా నెలల తరబడి మంచు, పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్లు, ఎత్తయిన కారు, శనివారం ఒకటి కేటాయించగలిగిన తీరిక. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండేవారికి తడి రోడ్డు మీద బ్రేకు అభ్యాసమే ఎక్కువ ఉపయోగపడవచ్చు, స్కిడ్ ప్యాడ్ మీద నాకున్నంత మోజు వారికి ఉండనక్కరలేదు. చేరదలచినవారు డబ్బు కట్టేముందు నిర్వాహకులను మూడు సంగతులు అడగాలి: మీ కారు ఎత్తుకు అభ్యంతరం ఉందా, పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారా, కారు జారే స్థితిలో ఒక్కొక్కరికీ ఎంతసేపు నడిపే అవకాశం దొరుకుతుంది. మూడో ప్రశ్నకు గంటలో ఏ కొద్ది నిమిషాలో అని జవాబు వస్తే నేనైతే మరో క్లబ్బును వెతుకుతాను.