ధనుర్మాసపు చలిలో సైకిల్ ప్రయాణం: స్వెట్టరా, జర్కినా, విండ్‌చీటరా?

మార్గశిరం వచ్చిందంటే మా ల్యాబులో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. చంద్రగిరి నుంచి తిరుపతికి సుమారు 12 కిలోమీటర్లు సైకిల్ మీద డ్యూటీకి వచ్చేవాడిని మాలో నేనొక్కడినే కాబట్టి, ఎండాకాలంలో సరదాపడి సైకిల్ కొని ఇప్పుడు చలికి జంకుతున్నవాళ్ళందరూ నా దగ్గరికే వచ్చి, స్వెట్టర్ సరిపోతుందా, జర్కిన్ కొనాలా, విండ్‌చీటర్ మేలా అని విచారిస్తారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పి విసిగి, ఒకసారి రాసి పెడితే ఆ పని తీరిపోతుందనిపించింది. పైగా ఈ విషయంలో కిందటి చలికాలం దాకా నేను కూడా ఒక అభిప్రాయం మీద నిలిచినవాడిని కాను. మూడూ కొన్నాను, మూడూ వాడాను, వాటిలో ఒకదానిని మా తమ్ముడికి ఇచ్చేశాను.

డిసెంబరు, జనవరి నెలల్లో తిరుపతిలో తెల్లవారుజామున సాధారణంగా 17 నుంచి 20 డిగ్రీల దాకా ఉంటుంది. ఉత్తరాదివారు దీనిని చలిగా లెక్కపెట్టరు. అయితే ఆ 18 డిగ్రీలు వాకిట్లో నిలబడిన మనిషికి వర్తించే లెక్క. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కేవాడికి ఆకు కదలని రోజున కూడా అంతే వేగంతో గాలి ఎదురుగా వచ్చి రొమ్ముకు కొడుతుంది. దానికి తోడు చల్లగాలి బరువైనది కావడం వల్ల రాత్రంతా పల్లానికి దిగి అక్కడే నిలిచిపోతుంది. ఉదయం 6 గంటలకు ఇంట్లో బయలుదేరి తొండవాడ దగ్గర స్వర్ణముఖి నది పరిసరాలకు చేరేసరికి, ఒంటి మీది చొక్కా కాస్తా అప్పుడే పిండి ఆరేసిన చొక్కా అయిపోయినట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు బెదిరిపోయేది సరిగ్గా అక్కడే. అక్కడ బెదిరి, సాయంత్రం బజారుకు వెళ్ళి, దొరికినవాటిలో అన్నిటికన్నా మందమైనదానిని కొనుక్కొస్తారు.

ఆ వణుకు మొదటి 10 నిమిషాల వరకే. ఆ తర్వాత ఒంట్లో పొయ్యి రాజుకుంటుంది. సైకిల్ తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో ఇంచుమించు నాలుగో వంతు మాత్రమే పెడల్‌కు చేరుతుంది. మిగిలినదంతా వేడిగా మారి ఒంట్లోనే ఉండిపోతుంది, దానిని బయటికి పంపడానికి చెమట పడుతుంది. 50 నిమిషాల ప్రయాణంలో చలి వేసేది 10 నిమిషాలు, చెమట పట్టేది 40 నిమిషాలు అయినప్పుడు, బట్టను ఆ 40 నిమిషాలను చూసి ఎంచుకోవడమే న్యాయమని నా వాదన. ఈ మూడింటిలో ఏది మేలో తేల్చేది కూడా, నా దృష్టిలో, చెమట ఒక్కటే. ధర, మన్నిక, అందం అన్నీ దాని తర్వాతివే.

ఇంతగా నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి చలికాలంలో నేను కొన్నది జర్కినే. లోపల దూది పొర, పైన నల్లటి రెక్సిన్‌లాంటి గుడ్డ, మెడ దాకా జిప్పు. వేసుకుంటే కుంపటి పక్కన కూర్చున్నట్టు ఉండేది, దారిలో చెర్లోపల్లె దాటేదాకా చలి అన్నమాటే తెలిసేది కాదు. డ్యూటీకి చేరి జిప్పు తీస్తే బనియను వీపుకు అంటుకుపోయి ఉండేది, చొక్కా నడుము దాకా తడిసి ఉండేది. మా ల్యాబులో యంత్రాల కోసం పగలంతా ఏసీ నడుస్తుంది. ఒక లీటరు చెమట ఆవిరి కావాలంటే ఒంటి నుంచి సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. ఆ లెక్కన, దారిలో ఆరిపోవలసిన చెమటను జర్కిన్ లోపల దాచి తెచ్చి ఏసీ కింద ఆరబెట్టుకుంటే జరిగేదేమిటో నాకు నాలుగో రోజునే తెలిసింది. మధ్యాహ్నానికి పళ్ళు టకటకలాడాయి. రోడ్డు మీద వేయని చలి గదిలో వేసింది.

జర్కిన్ మీద నాకు మరో ఫిర్యాదు కూడా ఉంది. మన దుకాణాల్లో దొరికేవి చాలావరకు నలుపు, ముదురు నీలం రంగులే. చంద్రగిరి వైపు నుంచి తిరుపతికి వచ్చేవాళ్ళం తూర్పు ముఖంగా వస్తాం కాబట్టి, ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా కళ్ళకు ఎదురుగా లేస్తాడు. మంచు కమ్మిన రోజున ఆ వెలుతురు తెల్లటి తెరలాగా కళ్ళను మూసేస్తుంది. మన వెనక వచ్చే లారీ డ్రైవరుకూ అదే సూర్యుడు, అదే తెర. అటువంటప్పుడు నల్ల జర్కిన్ వేసుకున్న సైకిల్ మనిషి రోడ్డులో కలిసిపోతాడు. ఏది కొన్నా పసుపో నారింజో కొనండి. సైకిల్ వెనక ఎర్రదీపం ఎలాగూ ఉండాలి.

జర్కిన్ పనికిరాని వస్తువని నేననను. మోటార్ సైకిల్ మీద వెళ్ళేవాడు కదలకుండా కూర్చుంటాడు, వాడి ఒంట్లో పొయ్యి వెలగదు, గాలి వేగమేమో మూడింతలు; వాడికి జర్కినే సరైనది. నాది ఇప్పుడు మా తమ్ముడి ఒంటి మీద సుఖంగా ఉంది.

విండ్‌చీటర్ విషయంలో తీర్పు అంత తేలిక కాదు. పిడికిట్లో పట్టేంతగా మడిచిపెట్టుకోగల ఆ పల్చటి నైలాన్ చొక్కా గాలిని దాదాపు పూర్తిగా ఆపుతుంది, బరువు లేదు, బుడబుక్కలవాడి డమరుకంలాగా గాలికి టపటపమనడం తప్ప దాని మీద పెద్దగా నేరం మోపలేం. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా సాగుతాయి కాబట్టి, దారిలో జల్లు అందుకున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. లోపం చెమట దగ్గరే. గాలిని లోపలికి రానివ్వని గుడ్డ ఆవిరిని బయటికీ సులువుగా పోనివ్వదు. పైగా వాన కోసం లోపలి వైపు పూత పూసిన రకమైతే, పేరూరు చేరేసరికి మోచేతుల దగ్గర నీళ్ళు చేరతాయి. జిప్పును రొమ్ము దాకా దించుకుంటే ఆవిరి పోతుంది కానీ, గాలి ఆగవలసిన చోటే తలుపు తెరిచినట్టవుతుంది. కొనదలచినవారు వీపు మీద జాలీ, చంకల కింద రంధ్రాలు ఉన్నదానిని వెతికి కొనాలి. అటువంటిది దొరికితే సగం సమస్య తీరుతుంది, అది మన ఊళ్ళో అంత తేలికగా దొరకదు.

ఇక స్వెట్టర్. చలి మొదలవగానే రోడ్ల పక్కన గుట్టలు పోసి అమ్మే స్వెట్టర్లలో చాలావరకు అక్రిలిక్ అనే కృత్రిమ దారంతో అల్లినవే, ఉన్నివి కావు. ఈ తేడా ఇంట్లో కూర్చునేవాడికి పట్టదు, సైకిల్ తొక్కేవాడికి పడుతుంది. ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. అక్రిలిక్ పీల్చుకునేది ఒకటి రెండు శాతమే కాబట్టి చెమటంతా చొక్కాకే మిగులుతుంది. అయితే రెండింటికీ ఉన్న సుగుణం ఒకటే, దుర్గుణమూ ఒకటే: అల్లికలో గాలి ఆడుతుంది. అందువల్ల చెమట ఆరుతుంది, అందువల్లే తొండవాడ దగ్గర రొమ్ము జివ్వుమంటుంది. నేను రెండో చలికాలమంతా నిండు చేతుల ఉన్ని స్వెట్టరుతో వచ్చాను. వీపు పొడిగానే ఉండేది కానీ, పండగ దగ్గరపడేసరికి దగ్గు పట్టుకుంది.

ఈ చిక్కుముడిని విప్పింది మా వీధిలో సైకిల్ మీద పాలు పోసే పెద్దాయన. డెబ్బై దాటిన మనిషి, తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరతాడు. ఆయన ఒంటి మీద ఏళ్ళ తరబడి నేను చూస్తున్నది చేతుల్లేని ఒక ఖాకీ స్వెట్టరు మాత్రమే. ఒకనాడు క్యాను దించి వంగినప్పుడు ఆ స్వెట్టరు మెడ దగ్గర నిన్నటి దినపత్రిక అంచు కనిపించింది. అదేమిటని అడిగితే నవ్వి, "సలి ఎదురుంగా వస్తాది నాయినా, ఈపుకేం సలి?" అన్నాడు. నేను రెండేళ్ళు డబ్బు తగలేసి తెలుసుకోలేనిది ఆ మాటలో ఉంది. గాలి తగిలేది ముందు వైపు, చెమట ఎక్కువగా పట్టేది వెనక వైపు. ముందు ఆపాలి, వెనక వదలాలి. జర్కిన్ రెండు వైపులా ఆపుతుంది, స్వెట్టర్ రెండు వైపులా వదులుతుంది, మామూలు విండ్‌చీటర్ ఆపడంలో జర్కిన్‌కు తమ్ముడు. పాత పేపరు మాత్రం ఎక్కడ పెడితే అక్కడే ఆపుతుంది. టూర్ ద ఫ్రాన్స్ వంటి పందేల్లో సైకిల్ వీరులు కొండలెక్కి శిఖరం మీద ప్రేక్షకులు అందించిన పేపర్లను జెర్సీ లోపల రొమ్ము మీద దోపుకుని అవతలి వైపుకు దిగేవారని తర్వాత తెలిసింది. మా పాలాయనకు ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

పద్ధతి ఇది. నిండు చేతుల చొక్కా, దాని మీద చేతుల్లేని ఉన్ని స్వెట్టరు, ఆ రెంటికీ మధ్య రొమ్ము మీద మెడ నుంచి బొడ్డు దాకా వచ్చేలా నాలుగు మడతల కాగితం. పేపరు చొక్కాకు లోపల కాకుండా బయట ఉండాలి, లేకపోతే చెమటకు మెత్తబడి ముద్దవుతుంది. బయట పెట్టినా ఒక ప్రమాదం ఉంది. తెల్లచొక్కా మీద దినపత్రిక సిరా అంటుకుంటుంది. ఒకరోజు రక్తపరీక్షకు వచ్చిన ఒకావిడ నా జేబు మీద తలకిందులుగా అచ్చుపడిన బంగారం ధరను చదివి వినిపించింది. అప్పటి నుంచి పేపరుకు బదులు నెల తిరిగిపోయిన క్యాలెండర్ కాగితం వాడుతున్నాను. అది మందంగా ఉంటుంది, వెనక వైపు తెల్లగా ఉంటుంది, రెండు వారాలు మన్నుతుంది. దేవస్థానం క్యాలెండర్ అయితే స్వామివారి బొమ్మ ఉంటుంది కాబట్టి దానిని ముట్టుకోను. కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ ఉంది. చెర్లోపల్లె దాటి ఒళ్ళు వేడెక్కాక కాగితాన్ని లాగి హ్యాండిల్ సంచిలో పడేస్తే, మిగిలిన దారంతా స్వెట్టరులోంచి గాలి ఆడుతుంది. జర్కిన్‌తోగానీ విండ్‌చీటర్‌తోగానీ ఈ సౌకర్యం లేదు. వాటిని విప్పాలంటే సైకిల్ ఆపి దిగాలి.

చుడీదార్ వేసుకునే ఆడవాళ్ళకు కూడా ఇదే పద్ధతి చెబుతాను, చున్నీని మాత్రం స్వెట్టరు లోపలికి దోపి ముడివేయాలి. చక్రంలో పడ్డ చున్నీలు ఎన్నో చూశాం.

మిగతావాటి గురించి రెండు మాటలు చాలు. మంకీ క్యాప్ వెచ్చన నిజమే కానీ చెవులు మూసేసి వెనక హారన్ వినిపించనివ్వదు, హెల్మెట్ కింద ఇమడదు. చెవులకు పల్చటి రుమాలు చుడితే సరిపోతుంది. ఉన్ని గ్లౌజులు బ్రేకు మీద జారతాయి. శాలువా సైకిల్ మీద కప్పుకునే వస్తువే కాదు.

ఈ లెక్క తిరుపతికీ చిత్తూరుకూ సరిపోతుంది. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె వాళ్ళకు నా మాట యథాతథంగా చెప్పలేను, అక్కడి చలి మనకన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. వాళ్ళు చేతుల్లేని స్వెట్టరు మీద జాలీ వీపున్న విండ్‌చీటర్ వేసుకోవడం మంచిది. వాన సూచన ఉన్న రోజున నేనూ అదే చేస్తాను. ఇల్లు రెండు మూడు కిలోమీటర్ల లోపే ఉన్నవాళ్ళు దేనికీ డబ్బు పెట్టనక్కరలేదు, ఒళ్ళు వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది.

కొనేముందు తిరుగు ప్రయాణం కూడా తలచుకోండి. నా డ్యూటీ మధ్యాహ్నం 2 గంటలకు ముగుస్తుంది, ఆ వేళకు బయట 28, 29 డిగ్రీల ఎండ కాస్తూ ఉంటుంది, పొద్దున వేసుకున్నదేదైనా ఇంటికి మోసుకుపోవలసిన బరువే. చేతుల్లేని స్వెట్టరు టిఫిన్ క్యారియర్ సంచిలో గిన్నెల మీద ఇమిడిపోతుంది. జర్కిన్ వాడినన్నాళ్ళూ దానిని వెనక క్యారియర్ మీద పెట్టి, జారిపోకుండా సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టుకుని, ఆ ఎండలో తొక్కుకుంటూ పోయేవాడిని.