పీక్ ఫ్లో మీటరు: ఉబ్బసం ఉన్న ఇంట్లో ఆక్సీమీటరు కన్నా ముందు ఉండాల్సింది

కరోనా తర్వాత చాలా ఇళ్లలో ఆక్సీమీటరు ఉంది. ఉబ్బసం ముదురుతున్నా దాని మీద 97, 98 చూసి ధైర్యపడిపోతుంటారు. శ్వాసనాళాలు బిగుసుకుంటున్నప్పుడు శరీరం గబగబా ఊపిరి తీసి ఆక్సిజన్‌ను నిలబెట్టుకుంటుంది. ఆ అంకె పడే సరికి చాలా ఆలస్యమై ఉంటుంది. నాళాలు సన్నబడటాన్ని ముందుగా పట్టేది పీక్ ఫ్లో మీటరు. బ్యాటరీ అక్కర్లేని ప్లాస్టిక్ గొట్టం, లోపల ఒక స్ప్రింగు, పైన జరిగే సూచిక, పక్కన నిమిషానికి ఇన్ని లీటర్లని చెప్పే గీతలు, అంతే. పెద్దలకు 60 నుంచి 800 దాకా ఉన్నది తీసుకోవాలి. చిన్నపిల్లలకు తక్కువ స్కేలుది విడిగా వస్తుంది. అయిదేళ్లు నిండిన పిల్లలు చాలామంది నేర్పిస్తే ఊదగలరు.

వాడకం తేలికే, తప్పులూ తేలిగ్గానే జరుగుతాయి. సూచికను కిందికి దించి, నిలబడి, గుండె నిండా గాలి పీల్చి, పెదవులు గట్టిగా బిగించి ఒక్క ఊపున ఊదాలి. అసలు లెక్కంతా మొదటి క్షణంలోనే తేలిపోతుంది కాబట్టి చివరిదాకా సాగదీసి ఊదనక్కర్లేదు. నెమ్మదిగా మొదలుపెడితే అంకె తగ్గుతుంది. వేలు సూచికకు అడ్డొచ్చినా, నాలుక గొట్టానికి అడ్డుపడినా అంతే. బుగ్గల్లో గాలి పట్టి ఉమ్మినట్టు ఊదితే అంకె లేనిపోనిది పెరుగుతుంది. ఇది మరీ ప్రమాదం, లేని ధైర్యం ఇస్తుంది. మూడుసార్లు ఊది, వాటిలో పెద్దది రాసుకోవాలి. సగటు కాదు.

పెట్టెలోని చార్టు కంటే మన సొంత అంకె ముఖ్యం. ఉబ్బసం అదుపులో ఉన్నప్పుడు రెండు వారాలు ఉదయం, సాయంత్రం ఊది, అత్యధికం ఎంతో చూసుకోవాలి. అది 400 అనుకుంటే 320, ఆపైన ఆకుపచ్చ, అంటే అదుపులో ఉన్నట్టు. 200 నుంచి 320 మధ్య పసుపు, డాక్టరు రాసిచ్చిన ప్రకారం మందు పెంచాల్సిన సమయం. 200 కంటే తగ్గితే ఎరుపు, వెంటనే ఆయాసాన్ని త్వరగా తగ్గించే రిలీవర్ ఇన్‌హేలర్ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసంలో మాత్రం మీటరు జోలికి పోవద్దు, నేరుగా బయల్దేరండి. ఉబ్బసంలో తెల్లవారుజామున అంకె పడటం మామూలు లక్షణం. ఉదయం 310, సాయంత్రం 380 అయితే తేడా 70, సగటు 345, అంటే తేడా సగటులో 20 శాతం. పెద్దవాళ్లలో ఈ రోజువారీ తేడా వారం రెండు వారాల సగటున 10 శాతం దాటితే ఉబ్బసం మీద అనుమానం బలపడుతుంది.

ఈ గొట్టం అసలు విలువ పనిచోటే తెలుస్తుంది. గుంటూరు మిర్చి యార్డు ఘాటులో, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల దుమ్ములో పనిచేసేవాళ్లు రోజుకు కనీసం నాలుగుసార్లు, పనిదినాల్లోనూ సెలవుల్లోనూ, కొన్ని వారాలు ఊది రాసుకుంటే పనికీ ఊపిరికీ సంబంధం కాగితం మీదే కనిపిస్తుంది. పత్తి దుమ్ము వల్ల వచ్చే బిస్సినోసిస్ సెలవు తర్వాత మొదటి రోజున ఛాతీ పట్టేసినట్టు చేస్తుంది. అసలు ఈ మీటరు పుట్టుకలోనే ఆ సంబంధం ఉంది: 1959లో రైట్, మెకెరో అనే పరిశోధకులు దాన్ని పరిచయం చేశారు, అంతకుముందు రైట్ పనిచేసింది బ్రిటన్‌లో దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల పరిశోధనా విభాగంలో. ఇప్పుడు మనం వాడే చిన్న రూపం 1970ల్లో వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. ఏళ్ల తరబడి బీడీ తాగినవాళ్లకు, కట్టెలపొయ్యి పొగ మింగినవాళ్లకు వచ్చే సిఓపిడిని, అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా సన్నబడే జబ్బును, ఇది సరిగా తేల్చలేదు, దానికి ఆసుపత్రిలో యంత్రంలోకి ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్షే చేయించాలి. ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్‌లో అంకె బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఒక మీటరు అంకెను ఇంకో మీటరు అంకెతో పోల్చకండి. కంపెనీని బట్టి, పాత కొత్త స్కేళ్లను బట్టి తేడా వస్తుంది. మార్చాల్సి వస్తే సొంత అంకెను మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి.

వారానికోసారి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, దులిపి, పూర్తిగా ఆరాకే వాడాలి. తడి మిగిలితే సూచిక అతుక్కుంటుంది. వంచినప్పుడు దానంతటదే జారిపోయే సూచిక ఉన్న మీటరును కొట్లోనే తిరిగి ఇచ్చేయండి.